విచారణ

రేపు పొద్దున బిషప్‌గారి కారు వస్తుంది
ఈ ఐదు పుస్తకాలూ పట్టుకెళ్ళడానికి.
అందుకని ఈ రాత్రి చేతులు కడుక్కుని
వంటింటి బల్లమీద గుడ్డ పరిచి
మొదటి పుట తెరిచాను.

దేవుడి పేరుకన్నా ముందు గోధుమలున్నాయి:
"ఇంటికి పన్నెండు కుంచాలు."
గుడి గోడలకు మన్నూ గడ్డీ,
ద్వారబంధానికి బండి పలకలు.
చెట్టన్నది కనబడని డకోటా మైదానంలో
నల్లసముద్రం ఒడ్డునుంచి వచ్చిన పదకొండు కుటుంబాలు
జర్మన్‌లో ప్రార్థించి
రష్యన్‌లో ఎడ్లను అదిలించేవారట.

మూడో చలికాలం పుటలో సిరా పలచన.
ఫాదర్ లాంబెర్ట్ బుడ్డిని చంకలో ఇరికించుకుని కరిగించేవాడు.
కంఠసర్పి. వారంలో తొమ్మిది పేర్లు.
ష్వాన్ వెండెలిన్, ష్వాన్ మార్తా, ష్వాన్ పియస్.
నాలుగోసారి ష్వాన్ అని రాసి
ఆగిపోయాడు.
నేలలో పార దిగలేదు.
పిల్లల్ని మంచు కరిగేదాకా ధాన్యపు కొట్లో ఉంచారు.
ఆ ఏడు ఆ కొట్లో గింజలే విత్తారు.

కమ్మరి కాస్పర్ హోప్‌ఫౌఫ్ మా తాత.
విరిగిన చక్రాల పట్టాలు సాగదీసి
సిలువలు చేసేవాడు, కొసల్లో ఇనుప పువ్వులతో.
కూలి గడిలో ఒకచోట "కోడి", ఒకచోట "తర్వాత".
ఆ తర్వాత ఇంకా బాకీయే.

గంట తూర్పుకా పడమరకా అన్న తగువు
పుస్తకంలో లేదు. అమ్మ చెప్పింది.
ఇరవై ఏళ్ళు ఒకే గుడికి రెండు వాకిళ్ళు.
చివరికి ఒక పిల్ల పెళ్ళిబట్టల్లో
తనది కాని వాకిట్లోంచి లోపలికొచ్చింది.

యుద్ధంలో జర్మన్ ప్రసంగాలు మానిపించారు.
కొత్త ఐరిష్ ఫాదర్‌కి ఆ భాష రాదు.
ముసలమ్మలు పాపాలు జర్మన్‌లోనే చెప్పుకునేవారు,
ఆయన ఓపిగ్గా విని లాటిన్‌లో క్షమించేవాడు.
అంత హాయిగా ఎన్నడూ చెప్పుకోలేదే అనేది
మా నాయనమ్మ క్రెసెంతియా.

ధూళి ఏళ్ళ పుటల మడతలో
ఇప్పటికీ ఇసుక. ఊదలేదు నేను.
ఆ ఏడు జ్ఞానస్నానం ఒక్కటే. కానుక, ఆరు గుడ్లు.
ఆ ఒక్కటీ నేనే.
ఒడీలియాలో ఒక అక్షరం ఎగిరిపోయింది.
ఎనభై ఎనిమిదేళ్ళుగా ఇందులో నేను వేరే ఎవరినో.

తర్వాత ట్రాక్టర్లు పెరిగాయి, పొలాలు పెరిగాయి,
పక్కిల్లు ఆరు మైళ్ళయింది.
పూజ నెలకొకటి, తర్వాత పండక్కి,
తర్వాత ఉత్తరం:
విచారణ జరిపించి ఈ విచారణను రద్దు చేశారట.
నన్నెవరూ ఏమీ విచారించలేదు.

నా పేరు అలాగే ఉండనీ.
పుటలు వెనక్కి తిప్పాను.
గుడి వెనక గడ్డిలో ఒక చిన్న సిలువ ఉంది,
తాత చేసింది, కూలి లేనిది.
దానిమీద పేరు నాకు కంఠతా.
నాన్న కలంతో, నాలుగో ష్వాన్ పక్కన
రాశాను: బెర్తిల్లా.

సిరా ఆరడంలేదు.
ధూళి ఏళ్ళ మడతలోంచి
చిటికెడు ఇసుక తీసి చల్లాను.

బయట ఎవరిదో కోతయంత్రం దీపాలేసుకుని తిరుగుతోంది.
తెల్లారేలోగా వాన పడేట్టుంది.