ఏడో వరుస నవ్వు

గురువారం రాత్రి రికార్డింగు,
శుక్రవారం తొమ్మిదింటికి ప్రసారం.
మధ్యనున్న ఒక్క పగలూ నాది.
సాల్ఫర్డ్‌లో, కాలువ పక్కన గాజుమేడలో,
కిటికీ లేని గదిలో కూర్చుని
నవ్వులు కోస్తుంటాను.

రెండున్నర గంటల వెటకారం
ఇరవై తొమ్మిది నిమిషాల్లో ఇమడాలి.
బల్లకి అటిద్దరు, ఇటిద్దరు,
నడుమ ప్రశ్నలేసే పెద్దమనిషి.
ముందు మంచినీళ్ళు, ఆ వారం పేపర్లు.
ఏ మంత్రి ఎవరి పడవలో కనిపించాడు,
ఎవరి పిల్లి మందులు
ప్రభుత్వ ఖాతాలో పడ్డాయి,
ఎవరు రాజీనామా చేసి, భోజనాల వేళకి వెనక్కి తీసుకున్నారు.

లాయరు పెట్రా ఆడ్‌షెడ్ పొద్దున్నే వస్తుంది.
ఆవిడ నవ్వగా నేను చూడలేదు.
"'దొంగ' అన్నది తీసెయ్" అంటుంది,
"'దొంగ అని నేననను' అన్నది ఉంచు."

నవ్వుల్ని పారెయ్యను నేను.
ముక్కుతో నవ్వేవి,
పక్కవాడు నవ్వాడని నవ్వేవి,
అందరూ ఆగిపోయాక, అప్పుడర్థమై, ఒంటరిగా లేచేవి.
అవంటే ప్రాణం నాకు.

అక్టోబరులో ఒకటి దొరికింది.
ఏడో వరుస, ఎడమ వైపు మైకు.
గిన్నె మీద మూత ఎగిరినట్టు మొదలై
ధడధడా మెట్లు దిగి
చివర చిన్న దగ్గుతో ఆగుతుంది.
రవాణా మంత్రి బస్సెక్కి, వెనక సీట్లో కూర్చుని
"ఇంటికి పోనియ్" అన్నాడట డ్రైవరుతో.
ఆ జోకుకి పుట్టిన నవ్వు అది.

ఇంకో జోకుకి హాలు పలకలేదు.
ఓ కుర్ర కమెడియన్ అన్నాడు:
"హాల్ఫెన్‌షాకి బస్సులాపేశారట.
ఏం నష్టం?
పోదామనుకున్నవాళ్ళు ఎప్పుడో పోయారు,
రావాలనుకున్నవాడు పుట్టనే లేదు."
ఎవరో "అయ్యో" అన్నారు, సన్నగా.
"కాస్త నవ్వు పొయ్యి" అన్నాడు ప్రొడ్యూసరు,
చారులో ఉప్పు తగ్గినట్టు.
పోశాను.
చేతికందినదాంట్లో మేలైనదే పోశాను.

మరుసటి వారం ఉత్తరం. నీలి సిరా, గీతల కాగితం.

"నా పేరు ఐలీన్ థ్రెల్ఫాల్. మాది హాల్ఫెన్‌షా.
మీ షో చూడ్డానికి రెండు బస్సులు మారి వచ్చాం.
తిరిగెళ్ళడానికి బస్సు లేదు,
టాక్సీకి ముప్పై నాలుగు పౌండ్లు.
మంత్రి జోకుకి నవ్వాను, కాదనను.
మా ఊరి మాటకి నవ్వలేదు.
మా చెల్లెలు వినిఫ్రెడ్‌ని అడగండి.
శుక్రవారం క్లబ్బులో అందరం కలిసి చూశాం.
మా ఊరి మీద విరగబడి నవ్వేది నేనే!
ఆ దగ్గు ఎవరిదో అక్కడ తెలియనివాళ్ళు లేరు.
ఒక్కరూ ఏమీ అనలేదు, గ్లాసుల్లోకి చూసుకున్నారు.
జోకు ఉంచుకోండి.
నా నవ్వు నాకిచ్చెయ్యండి."

నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టాను.
నవ్వుని కవరులో పెట్టి పంపడం
నాకెవరూ నేర్పలేదు.

ఏప్రిల్‌లో
ఆ రవాణా మంత్రే అతిథిగా వచ్చాడు.
కొత్త చొక్కా, బాగా వల్లించిన తడబాటు.
తన బస్సు కథ తనే చెప్పుకున్నాడు, ఇంకాస్త కలిపి.
హాలు హాలంతా చప్పట్లు.
"పాపం, మంచివాడే" అన్నది మేకప్పు అమ్మాయి.
నవ్విన నాపచేను పండటమంటే ఇదే కాబోలు;
జూన్‌లో పెద్ద శాఖ ఇచ్చారు.
హాల్ఫెన్‌షా బస్సు మాట ఎవరూ ఎత్తలేదు.
మేమూ ఎత్తలేదు.

ఆ శుక్రవారం, పగలు,
ఆయన ఆఖరి మాట దగ్గర ప్రొడ్యూసరన్నాడు:
"ఇక్కడ ఇంకొంచెం."

సొరుగు తెరిచాను.
నవ్వు ముట్టుకోలేదు. అది ఆమెది.
చివరి దగ్గు ఒక్కటే కోసి,
అర సెకను కూడా ఉండదు,
చప్పట్లు తగ్గి మంత్రి కళ్ళు తుడుచుకునే చోట
పెట్టాను.

పెట్రా పట్టుకోలేదు.
ప్రొడ్యూసరు అప్పటికే కోటు తొడుక్కుంటున్నాడు.
తొమ్మిదింటికి దేశమంతా వెళ్ళింది,
ఒక ముసలావిడ గొంతు సవరించుకున్న చప్పుడు,
ఏదో అనబోతున్నట్టు.