కడుగు నీళ్ళు

భూమిలో మెడదాకా పాతిన బాన అది.
పైనుంచి చూస్తే ఒక నోరు, అంతే.
లోపలికి దిగితే నిలువెత్తు చీకటి.
కహేతీ కొండల కింద ఆ మఠంలో
నాకు అప్పగించిన మొదటి పని దాన్ని కడగడం.
ప్రార్థనలు నేర్పుతారనుకుని వచ్చాను నేను.

ఫాదర్ ఇలారియోన్ చేతిలో చెర్రీబెరడు కుంచె పెట్టి
"దిగు" అన్నాడు.
రెండక్షరాలు. నా సన్యాసానికి అదే ఉపోద్ఘాతం.

ఒక సంగతి చెప్పకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.
పదకొండేళ్ళు తెలావీ సంతలో ద్రాక్షారసం అమ్మాను.
నీళ్ళను ద్రాక్షారసం చేసినవాడి పటం
గల్లాపెట్టె మీద నిలబెట్టుకుని
ద్రాక్షారసాన్ని నీళ్ళు చేశాను.
పీపాకి రెండు బకెట్లు. పండగ రోజుల్లో మూడు.

గోడలు గీకాను, సున్నం పట్టించాను, నీళ్ళు కుమ్మరించి తోడాను.
ఆ చివరి నీళ్ళు దోసిట పట్టి
ముక్కు దగ్గర పెట్టుకుని
నేలమీద పారబోశాడు ఫాదర్.
"మళ్ళీ."
మర్నాడూ మళ్ళీ. తొమ్మిదో రోజూ మళ్ళీ.
బానలో కోపం పెద్దగా వినబడుతుంది.
నేను తిట్టిన తిట్టు గోడలన్నీ తిరిగొచ్చి
నా నెత్తినే పడింది.
నోరు మూసుకుని గీకాను.
విధేయత అంటే నాకప్పటికి అంతే, నోరు మూసుకోవడం.

ఇరవయ్యో రోజు పైనుంచి తొంగిచూసి అడిగాడు:
"నీ చేతిలో బాగా మోసపోయిందెవరు?"
ఏతేరి. కొడుకు పెళ్ళికి పన్నెండు పీపాలు.
"ఇల్లు తెలుసా?"
తెలుసు.
"బాన ఎక్కడికీ పోదు. వెళ్ళిరా."

మోటారుసైకిల్ అమ్మిన డబ్బు జేబులో.
ఏటి వెంబడి పద్నాలుగు మైళ్ళు నడక.
ఏతేరి డబ్బు రెండుసార్లు లెక్కపెట్టింది,
ఇచ్చింది నేను కదా మరి.
"పెళ్ళి పందిట్లో మా వియ్యంకుడు
ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు.
ఆ చప్పుడుకి ఎంతిస్తావు?" అంది.
నా దగ్గర జవాబు లేదు.
క్షమించానని అనలేదు. మంచినీళ్ళిస్తాననీ అనలేదు.
గేటు దాకా కుక్క మొరుగుతూ సాగనంపింది.

తిరిగొచ్చి దిగాను.
వెలుగేమీ దిగిరాలేదు. అదే మట్టి, అదే తేనెమైనం వాసన.
నీతి అంటే తెల్లబట్ట అనుకునేవాణ్ణి,
తొడుక్కుంటే సరిపోతుందని.
ఆ రోజు గోళ్ళ సందున చూసుకున్నాను:
ఏ ఏటి పంటదో, నల్లటి మడ్డి,
ఇసుమంత, ఊడివచ్చింది.

ఫాదర్ నీళ్ళు ముంచాడు. వాసన చూశాడు.
దోసిలి నావైపు చాపాడు.
తాగాను.
ఏ రుచీ లేదు.
నా చేతుల మీదుగా వచ్చినవాటిలో
నీళ్ళు నీళ్ళలా ఉండటం అదే మొదటిసారి.
మీసం తడిసి, ఎందుకో ఏడ్చాను.

ఆయన ఇప్పుడు అక్రోటు చెట్టు కింద ఉన్నాడు.
మొన్న రుస్తవీ నుంచి ఒక కుర్రాడొచ్చాడు, యోతమ్.
మెడమీద పచ్చబొట్టు, నాలుక మీద పెద్ద ప్రశ్నలు.
"దేవుడిలా మారడం అంటే ఏమిటి?" అని.
నాకేం తెలుసు?
బానలోకి వంగేటప్పుడు ఇలారియోన్ ఎడమ భుజం ఒకింత ఒరిగేది.
నాకూ ఒరుగుతోందని వంటవాడు నవ్వుతుంటాడు.
ఆయనకది తన గురువు నుంచి వచ్చిందట,
ఆ గురువుకి మరొకరి నుంచి.
వెనక్కి వెనక్కి వెళితే
ఒక మేడగదిలో, పళ్ళెంలో నీళ్ళు పెట్టుకుని
జాలరుల మురికి కాళ్ళ ముందు
వంగిన ఒక వీపు కనిపిస్తుందేమో.
ఖాయంగా చెప్పలేను. నేను చదువుకున్నవాణ్ణి కాను.

కుర్రాడి చేతిలో కుంచె పెట్టి
ఆ రెండక్షరాలూ అన్నాను.
కాసేపటికి లోపల్నుంచి ఒక తిట్టు,
దాని వెనకే అదే తిట్టు.

తొందరేం లేదు.
నేను బావి దగ్గర నీళ్ళు తోడుతున్నాను.