నాలుగో పేజీ

చిలకలగూడలో జిరాక్సు కుర్రాడు
కాగితం కాస్త పైకి జరిపాడు.
నాలుగో పేజీలో చెల్లో వరస మొత్తం పోయింది.
ఆ అద్దం మీదే ఉండిపోయిందేమో,
నా తర్వాత వచ్చిన ఎవరి ఆధార్ కార్డు కిందో.

"పోనీలే హైమా," అంది డోరీన్ లాజరస్ మేడం.
"పైన వయొలిన్లు ఏమంటున్నాయో విను.
కింద ఏముండాలో నువ్వే రాయి."

మెట్టుగూడ రైల్వే క్వార్టర్సు, మేడ మీద గది.
రెండు మెట్లు పలకని కీబోర్డు.
టీ మీద సాసరు మూత. పెన్సిల్ చెక్కాను.

మొదటి పేజీలో అందరూ కలిసి అనే మాట ఒకటుంది,
రిటర్నెల్లో.
పల్లవి లాంటిదా, అని అడిగాను.
కాదట. పల్లవి తన ఇంటికే తిరిగొస్తుంది.
ఇది వచ్చిన ప్రతిసారీ ఇల్లు మారి ఉంటుంది:
ఒకసారి పంచమంలో కాపురం,
ఒకసారి మైనరులో, గొంతు తగ్గించి,
ఒకసారి సగమే, తలుపులోంచి తొంగిచూసి పోయినట్టు.
మధ్యమధ్య ఒంటరి వయొలిన్
ఎవరికీ చెప్పకుండా పరుగు.

ఎర్ర పెన్సిల్, సీక్వెన్సులకి.
అదే మాట, ఒక్కో మెట్టు దిగుతూ,
అద్దె పెంచొద్దని మా అన్న ఓనరుతో అన్నట్టు.
నీలం, సస్పెన్షన్లకి.
కింద అంతా మారిపోయినా పాత స్వరాన్ని వదలదు,
బస్సు కదిలాక కూడా కిటికీ కమ్మీ పట్టుకుని
మాట్లాడుతూ పరిగెత్తేవాడిలా.
ఒక్క క్షణం గుచ్చుకుని, దిగి, సర్దుకుంటుంది.
మేడం ఆ గుచ్చుకునే చోటే కళ్ళు మూసుకుంటుంది.

ఇక నాలుగో పేజీ. గంటన్నర.
బాసు అంటే నడవాలనుకున్నాను.
నడిపించాను. ఎక్కించాను, దింపాను,
ఎనిమిది బార్లలో ఎక్కడా కాలు ఆగనివ్వలేదు.
మా ఆఫీసు లెడ్జరులా అంతా టాలీ అయింది.
తప్పు లేదు, అంది మేడం. నిజంగానే లేదు.
బీరువా తెరిచి అసలు పుస్తకం తీసింది.

అక్కడ ఒకే స్వరం.
ఎనిమిది బార్లూ.
సున్నా నుంచి సున్నాకి చిన్న వంతెన వేసుకుంటూ
కదలకుండా.
పైన వయొలిన్లు ఎంత కొట్టుకున్నా,
పొసగని స్వరాలొచ్చి మీద పడ్డా,
అది అక్కడే.

నారాయణగూడలో పదకొండేళ్ళు
పొద్దున్నే ఆరింటికి
అక్క పాడేది, శ్రుతిపెట్టె తిత్తి నేను ఒత్తేదాన్ని.
నొప్పెడితే అమ్మ చూడకుండా చెయ్యి మార్చుకునేదాన్ని,
స్వరం తెగనిచ్చేదాన్ని కాదు.

అది రాయాలని నాకే తోచలేదు.

మేడం ఏమీ అనలేదు. రబ్బరు నా వైపు తోసింది.
చెరిపాను. గీతల మధ్య బూడిదరంగు మరకలు,
నేను నడిపించిన కాళ్ళవి, పూర్తిగా పోలేదు.
వాటి మీదే సున్నాలు పెట్టుకుంటూ వెళ్ళాను.
అయిదో దాని దగ్గర, ఎందుకో,
పెన్సిల్ చెయ్యి మార్చుకున్నాను.
వంకరగా వచ్చింది.