గుంటల బల్బు

జ్వరం పన్నెండు దినాలు ఉండి పోయింది.
పోయేటప్పుడు, చెయ్యి వాటమున్న చుట్టం లెక్క
ఏదో పట్కపోయింది.
ఏం పోయిందో మొదాలు తెల్వలె.

చెయ్యి ఉన్నది. కాలు ఉన్నది.
చాయ్ గిలాస వేడి వేలికి తగుల్తది,
చీమ కుడితే మంట లేస్తది.
కానీ కండ్లు మూస్తే
నా కుడిచెయ్యి యాడున్నదో నాకే తెల్వది:
దుప్పట్లున్నదా, మంచం కిందికి యాలాడుతున్నదా,
నన్నడగకుంట పక్కింటికి పోయిందా.

ఎంజీఎం దవాఖానల డాక్టరు నా కాలి బొటనవేలు పట్టుకొని
"కండ్లు మూస్కో రాజలింగం,
పైకి లేపిన్నా, కిందికి వంచిన్నా?" అన్నడు.
"పైకి" అన్న.
అనసూర్య నవ్వబోయి ఆగింది.
ఆ ఆగుడు వినబడ్డది నాకు.

కాయితం మీద బొమ్మ గీసిండు డాక్టరు.
కండల్ల, కీళ్ళల్ల కావలోళ్ళు ఉంటరట,
ఎంత వంగింది, ఎంత సాగింది అని
గడియ గడియకు మెదడుకు కబురు పంపుతరట.
కబురు మోసే నరాలు పాడైనయి అన్నడు.
నాకు నా లెక్కల సమజైంది.
నాడె ఇటునుంచి అటు పోతది,
అటునుంచి ఇటు రావాలె.
నా మెదడు నాడె ఇసురుతనే ఉన్నది.
తిరిగొస్తలేదు.

ముప్పై నాలుగేండ్లు కొత్తవాడల గుంట మగ్గం మీద
జంపఖానాలు నేసిన.
పైన చేతులు, పన్నె, రంగులు, బేరాలు, రేడియో.
కింద చీకట్ల కాళ్ళు.
ఎన్నడన్న వంగి చూసిన్నా వాటిని?
ఎడమ కర్ర, కుడి కర్ర, అవే తొక్కినయి.
సేటుతోని కొట్లాడుతుంటే తొక్కినయి.
నాయిన సచ్చిపోయిన కబురు విన్నంక సుత
ఇంకో రెండు వరుసలు తొక్కినంకనే ఆగినయి.
వాటికెవరు చెప్పిన్రు?
తల ఎనక, మెడ మీద, పిడికెడు చిన్నమెదడట.
ఇన్నేండ్లు జీతం లేకుంట నా కాడ పనిచేసిన మనిషి,
పేరు సుత అడగలె నేను.

తస్లీమ్ మేడం నేల మీద సుద్దతోని పాదాలు గీసింది.
"చూసి పెట్టు కాకా. ఇగ కండ్లతోనే నడవాలె."
చూస్తే నడుస్త.
ముద్ద మీద చూపుంటే ముద్ద నోట్లకు పోతది,
ఎవరన్న పలకరిస్తే చెంపకు పోతది.
పోచమ్మ మైదాన్ కాడ
ఫోన్ల మాట్లాడుకుంట, పల్లీలు నములుకుంట
రోడ్డు దాటే పోరగాళ్ళను చూసి
దొమ్మరాట చూసినట్టు నోరు తెర్సి నిలబడ్త.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
అర్ర నడిమిట్ల నిలబడి ఉన్న.
లైటు ఆరినంక నేనూ ఆరిన.
మేకు ఊడిన అంగీ లెక్క కుప్పైన.
అనసూర్య తడుముకుంట వచ్చి
"ఇగో, ఇది నీ చెయ్యి" అన్నది.
"ఇది నీ మోకాలు. ఇది తలుపు."
"తలుపు నాది కాదే" అన్న.
కరెంటు వచ్చేదాకా నవ్వినం.
వచ్చినంక ఆమె మొఖం చూసిన. నవ్వుడు కాదది.

తెల్లారి గుంటలకు వైరు గుంజి
నలభై వాట్ల బల్బు పెట్టించిన.
మొదటిసారి చూసిన:
ముప్పై నాలుగేండ్ల నూలు దుమ్ము,
ఎప్పుడో పోయిన అనసూర్య దువ్వెన,
కర్రల మీద నా పాదాలు అరగదీసిన రెండు పల్లాలు.
ఎడమ, అన్న. పోయింది.
కుడి, అన్న. జర్ర ఆలోచించి పోయింది.
కింద చూస్తే పైన పోగు తెగుతది,
పైన చూస్తే కింద కాలు తప్పుతది.

ఆ దినం నేసింది జానెడు.
అండ్ల మూడు తప్పులు.
సేటు ముట్టుకోడు.
అనసూర్య దాన్ని కోసి, అంచు కుట్టి
నా మంచం పక్కన పరిచింది.
ఎర్ర చార మీద ఎడమకాలు,
నీలం చార మీద కుడికాలు.
పొద్దుగాల చూసుకొని దిగుత.