పాసంగం

గోపాలపూర్ బస్సు దిగి
చోడిపల్లి దానమ్మ మా కొట్టు మెట్టెక్కేసరికి
ముందు ఎండుచేపల వాసన వచ్చింది,
తరవాత మనిషి.
బరంపురం బడబజారులో
బంగారం పరీక్ష చేసే ఆడదాన్ని నేనొక్కర్తెనే.
ఆడదైతే మోసం చెయ్యదని
ఎవరో చెప్పి పంపారట.

కొంగుముడి విప్పితే
నీలం టార్పాలిన్ ముక్క, దాన్లో
నైలాన్ దారం చుట్టిన గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీ.
ఉప్పుగాలికి డబ్బీ మసకబారింది.
లోపల, ఏ మసకా అంటని
తెల్లటి బిళ్ళ.

"ఎండేనేటమ్మా? ఎంతొస్తాది సెప్పు.
వానలకి ముందు పాక కప్పించీయాల."

పక్క కొట్టు పాత్రో తొంగిచూసి
రుపా, అన్నాడు ఒడియాలో.
టీ గ్లాసు దించకుండానే వెండి ధర కట్టేశాడు.

డబ్బీ తెరిచి చేతిలోకి తీసుకున్నాను.
చెయ్యి నమ్మలేదు.
ఇంత చిన్న ఒంట్లో
వెండికి ఇంత బరువు ఉండదు.

గీటురాయి మీద అంచు ఒక్కసారి రాశాను,
నాన్న నేర్పినట్టు, ఊపిరి బిగబట్టి.
(రాయికి అబద్ధం రాదే, రాసే చేతికొస్తుంది
అనేవాడాయన, పని లేని రోజుల్లో.)
బూడిదరంగు గీత పడింది.
యాసిడ్ చుక్క వేశాను.
వెండి గీతయితే కరిగి మాయమయ్యేది.
ఇది కదల్లేదు.
ఇంకో చుక్క.
ఎన్ని వాయిదాలకైనా మాట మార్చని సాక్షిలా
అక్కడే ఉంది.

గ్లాసులో నీళ్ళు,
నీళ్ళలో నూలుపోగుకి వేలాడే బిళ్ళ.
ముప్పై ఒక్క గ్రాముల పైచిలుకు లోహం
ఒకటిన్నర గ్రాము నీటినైనా పక్కకు తొయ్యలేదు.
లెక్క రెండుసార్లు కట్టాను.
ప్లాటినం.
నా పదిహేడేళ్ళ పనిలో
ఉంగరంగా వచ్చింది, రవ్వ కింద పట్టుగా వచ్చింది,
నాణెంగా ఎప్పుడూ రాలేదు.
నా టార్చి మంటకి ఎర్రబడుతుందే గాని
కరగదు. ఆ సంగతి తెలుసు.

"ఇదెక్కడిది?"

"మా సోమేసు ఓడలో వంటోడు గదా.
మూడు నెలల జీతం పెట్టి
దర్బన్లోనో ఎక్కడో కొన్నాడంట.
ఏటని నాకు సెప్పలేదు.
మా తాసుకి కుడి సిబ్బి తేలిక.
దాని కింద కట్టీసినాడు, పాసంగానికి.
పన్నెండేళ్ళు దానిమీదే రొయ్యపొట్టు తూసినాను.
ఆయన పోయినాక మొన్న
దారం తెగిపోనాది."

పన్నెండేళ్ళు.
దీని తోబుట్టువులు బ్యాంకు లాకర్లలో
ధర పెరిగే దాకా చీకట్లో పడుకుంటే
ఇది సంతలో వేలాడి
నెత్తళ్ళకీ కానాగంతలకీ తీర్పు చెప్పింది.

విశాఖలో నాణేలు కూడబెట్టే డాక్టరుగారు ఒకరున్నారు.
ఆదివారం రైల్లో ఇద్దరం వెళ్ళాం.
ఇచ్ఛాపురం దాటుతుంటే అడిగింది:
"రాష్ట్రం మారితే ధర మారదు గదా?"

ఆయన తెల్ల గ్లౌజులు తొడిగి
భూతద్దం తిప్పుతూ తిప్పుతూ
అంచు దగ్గర ఆగారు.
"అయ్యో, గీత పడింది.
లేకపోతే సేకరించేవాళ్ళు ఎగబడేవారు.
ఇప్పుడిక వట్టి లోహం ధరే."

దానమ్మ తల దించుకుంది.
"సిబ్బి కొక్కెం గీరీసుంటాది బాబూ.
తప్పు నాదే."

డబ్బీలో ఉన్న నాణేన్ని
కొక్కెం ఎలా గీరుతుంది?
డాక్టరుగారు అడగలేదు.
నేను చెప్పలేదు.

వట్టి లోహం ధరకే
పాక మీద రేకులు పడ్డాయి, ఐసుపెట్టె వచ్చింది.
పరీక్ష డబ్బులైనా తీసుకోలేదని
గోపాలపూర్ రేవంతా నన్ను మెచ్చుకుంది.
కొత్త పాసంగానికి
రెండు ఇనపనట్లూ ఒక బోల్టూ
నేనే తూచి ఇచ్చాను,
ఖాళీ డబ్బీ బరువు కూడా కలిపి.

నెలకోసారి ఎండురొయ్యలు పంపుతుంది.
పొట్లం మీద వంకర అంకెల్లో బరువు.
నా కాటా మీద పెట్టి చూస్తాను.
ప్రతిసారీ సరిగ్గా ఉంటుంది.

పొట్లం తీసేశాక
కాటా మీద సున్నా వస్తుంది.
దాని వంకే కాసేపు చూస్తుంటాను,
ఇంకా ఏదో తూగుతున్నట్టు.