నో డ్యూస్

పచ్చ కాగితం.
లైబ్రరీ, క్యాంటీన్, సహకార సంఘం, క్వార్టర్ల విభాగం
అన్నిచోట్లా సంతకాలయ్యి
ఆఖర్న నా బల్ల మీదికొచ్చింది.
పేరు: ఒమ్మి సన్యాసయ్య.
హోదా: సీనియర్ అసిస్టెంటు, డిగ్రీ పట్టాల విభాగం.
రిటైర్మెంటుకి మూడు నెలల ముందే ఎందుకన్న గడిలో
ఎవరో చాలా చిన్న అక్షరాలతో రాశారు.
విభాగానికి ఈయన బకాయిలు:
అక్కడో చుక్కల గీత.
పెన్ను మూత తీసి కూర్చున్నాను.

ఇరవై ఆరేళ్లు ఆయన చేసింది దీర్ఘాలు సరిచూడటం.
సాలూరు నుంచో పాడేరు నుంచో
రాత్రి బస్సులో కూర్చునే తెల్లవార్చిన పిల్ల
పేరులో తప్పుందని కిటికీ దగ్గర నిలబడితే
"ఏదమ్మా, నువ్వే ఓపాలి పలుకు" అనేవాడు.
కళ్లు మూసుకుని వినేవాడు.
ఇంగ్లీషులో ఒక 'ఎ' తగ్గితే
ఆయన చెవికది దీర్ఘం తెగినట్టే.
"మింగీసినారు చూడు. మింగితే మనిషి మారిపోదా?"

పార్వతీపురం కుర్రాడొకడు కృతజ్ఞత ఆపుకోలేక
రెండు క్లారినెట్టు రీడ్లు తెచ్చిస్తే
ఇన్‌వర్డ్ రిజిస్టర్లో నంబరు వేయించి
మర్నాడు అవుట్‌వర్డ్‌లో తిప్పి పంపాడు.
మంచి రీడ్లు.
ఆ రాత్రి నిద్ర పట్టలేదని తర్వాత నాతో అన్నాడు.

క్లారినెట్టు వాళ్ల నాన్నది,
పూర్ణా మార్కెట్ వెనక పెళ్లి బ్యాండులో
ఎర్రకోటు తొడుక్కుని ఊదిన నాన్నది.
ఆ నల్ల కర్ర ఊరేగింపులు మరిచి
సహానా పలకడానికి ఇరవై ఏళ్లు పట్టిందట.
సాయంత్రాలు బీచి రోడ్డు గోడ మీద
సముద్రానికి వీపు పెట్టి వాయించేవాడు.
"దానికి మన పాటతో పన్లేదు,
దాని ఉప్పుతో మనకే బెడద."

ఏ సభ కరపత్రంలోనూ ఆయన పేరు లేదు.
ఒక్కసారి మాత్రం
చెన్నై విద్వాంసుడి రైలు దువ్వాడలో నిలిచిపోయింది.
ఎవరో స్కూటరేసుకుని సెక్షనుకొచ్చి లాక్కుపోయారు.
కార్బను మరకల వేళ్లతోనే ఆనందభైరవి ఎత్తుకున్నాడు.
ముందు వరసలో పల్లీల పొట్లం చప్పుడాగింది.
ఆలాపన సగంలో తెర పక్కనుంచి సైగ: వచ్చేశారు.
గుమ్మం దిగినట్టు ఆ స్వరం మీంచి దిగి
దండం పెట్టి లేచిపోయాడు.
మిగతా సగం ఏదని చాన్నాళ్లకి అడిగాను.
"డ్రాయర్లో ఉందిరా."

హుద్‌హుద్ మర్నాడు
క్యాంపస్‌లో చెట్టు మీద చెట్టు.
రికార్డు రూములో డెబ్బైల నాటి మార్కుల పుస్తకాలు
నానిన రొట్టెల్లా ఉబ్బిపోయాయి.
తాళ్లు కట్టి, ఇంట్లో బట్టల క్లిప్పులు తెచ్చి
ఒక్కో పేజీ ఆరేశాం,
ఫస్టు క్లాసులూ ఫెయిళ్లూ ఒకే ఎండలో.
కరెంటు లేదు. ఫోన్లు లేవు.
చీకటి పడ్డాక కారిడార్లో, కాగితాల మధ్య నిలబడి
ఏదో వాయించాడు. రాగం నాకు తెలీదు.
వాచ్‌మన్ అప్పలకొండ టార్చి ఆర్పేశాడు,
బ్యాటరీ మిగులుతుందనో, మరెందుకో.
మధ్యలో స్ప్రింగు తెగి ఒక మీట వేలాడింది.
నా బల్ల మీద ఫైలుకున్న రబ్బరు బ్యాండు లాగి
రెండు చుట్లు బిగించి మళ్లీ ఊదాడు.
"రేపు స్ప్రింగు ఏయించి నీది నీకిచ్చీస్తాన్లే."

ఏయించలేదు.

మొన్న పెదవాల్తేరులో వాళ్లింటికెళ్తే
నరసాయమ్మ గారు పెట్టె తెరిచి చూపించింది.
అదే మీటకి రబ్బరు బ్యాండు.
ఎన్నిసార్లు మార్చాడో గాని మా విభాగానిదే, ఆ రంగు నాకు తెలుసు.
మనవరాలు మూతి పెట్టి ఊదింది.
ఒట్టి గాలి వచ్చింది,
కాని పొడుగ్గా.

చుక్కల గీత మీద రాశాను: లేవు.
సంతకం పెట్టి ముద్ర గుద్దాను.
డ్రాయరు తాళంచెవి నా దగ్గరే ఉంది,
ఇంకా తియ్యలేదు.

కిటికీ దగ్గరొక కుర్రాడు. పేరులో తప్పట.
"ఏదీ, నువ్వే ఒకసారి పలుకు" అన్నాను.
పలికాడు.
తప్పెక్కడుందో నాకు వినిపించలేదు.
కళ్లు మూసుకుని
మళ్లీ పలకమన్నాను.