పదమూడో పన్ను

రిపోర్టుల దాన్ని నమూనా అని రాస్త.
పుస్తకంల అస్థి అని ఉంటది.
ఓదేలన్న మాత్రం ముప్పై ఏండ్లు
బొక్క అనే అన్నడు,
హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దసార్ల ముంగట కూడ.

మండిబజార్ల సత్తార్ భాయి దుకాణం కడగకముందే
సైకిలు మీద పోయి బర్రె తొడబొక్క తెచ్చేటోడు.
ఉప్పునీళ్ల గుడ్డల చుట్టి నా చేతుల పెట్టి
"ఎండనియ్యకు శోభారాణీ,
ఎండిన బొక్క అబద్ధం చెప్తది" అనేటోడు.

రంపం నేర్పింది ఆయననే.
అంచుకు వజ్రపు పొడి అద్దిన పల్చటి చక్రం,
దాని మీద చుక్కచుక్క నీళ్లు.
తొందరపడితే బొక్క మాడుతది.
ఆ వాసన పండ్ల డాక్టరు కుర్చీల
నోరు తెరిచి కూసున్నోళ్లందరికి ఎరుకే.

మైక్రోస్కోపు కింద పంటి మీద వజ్రపు మొన దిగి
గోరు మీది దుమ్మంత గుర్తు విడిచి లేస్తది.
దాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు కొలవాలె.
కాజీపేట దిక్కు గూడ్సు పోతుంటే
గీతలు వణుకుతయ్.
డబ్బాలు లెక్కబెట్టుకుంట ఆగేటోళ్లం ఇద్దరం.
నాకు యాభై ఎనిమిది,
ఆయనకెప్పుడు యాభై తొమ్మిది.

కొత్తగ చేరిన పిల్లలకు ఆయన ఆట ఒకటుండె.
కోడికాలు బొక్కను ఆమ్లంల వారం నానబెట్టి
వాళ్ల ముంగట ముడేసేటోడు, తాడు లెక్క.
ఇంకోదాన్ని కొలిమిల కాల్చి
మల్లెమొగ్గ తెలుపుతోని అరచేతుల పెడితే
పిడికిలి మూసెటాలకు పిండి.
ఏమర్థమైందని అడగకపోయేది.
చాయ్ తాగ పోయేటోడు.

ఒకేడు పండ్ల కాలేజీ నుంచి
పన్నెండు తొడుగులొచ్చినయ్, అచ్చం దవడపండ్లు.
ఒక్కొక్కటే యంత్రంల పెట్టి ఒత్తినం.
తెర మీద గీత ఎక్కుతది, ఎక్కుతది,
చిట్.
పన్నెండుసార్లు చిట్.
పన్నెండుసార్లు ఆయన దవడ పట్టుకున్నడు.
కుడి కింది పన్ను అప్పటికే పుచ్చి ఉండె.

ఆ డాక్టరమ్మనే, అదే పొడితోని, అదే బట్టీల
పదమూడోది చేసి ఆయన నోట్ల కూసోబెట్టింది.
"మనయి ఎంతకు పగిలినయ్?"
సగటు పద్నాలుగు వందల న్యూటన్లన్న.
"గా లెక్క నాకెందుకు,
మూలుగ బొక్క కొరకొచ్చునా?"
రిపోర్టుల ఆ గడి లేదు.

పోయింది యంత్రం దగ్గర కాదు.
సోమారం పొద్దున, హన్మకొండ బస్టాండుల,
చేతిల టిఫిన్ డబ్బతోని.

మూడోనాడు కొడుకు రాజకొమురు ఫోను.
"అక్కా, రాత్రి వాన కొట్టింది.
బూడిదల బొగ్గేదో బొక్కేదో తెలుస్తలేదు.
నువ్వైతే..."

ఆడోళ్లు ఇటు రావద్దన్న పెద్దమనిషే
నేను గొంతు కూసోని ఏరుతుంటే గొడుగు పట్టిండు.
బొగ్గు వేలికి నలుపంటిస్తది.
సున్నపురాయి బరువు.
బొక్క తేలిక, లోపలంత తేనెతుట్టె,
నాలుకకు ఆనిస్తే అంటుకుంటది.
ఆ పరీక్ష చెయ్యలె.
తెల్లగైనకాడ మంట ఏడువందలు దాటింది.
బూడిదరంగున్నకాడ కట్టె తక్కువైంది.
అది ఎవ్వరికి చెప్పలె.

అప్పుడు దొరికింది,
తడి బూడిదల, ఒక్క పగులు లేకుండ.
"ఇది నాయినదేనా?"
మాది, అనబోయిన.
"మీ నాయినదే" అన్న.

కుండ కాళేశ్వరం పోయింది.
పన్ను పోలె.
"ఇది బొక్క కాదు గద అక్కా" అని
రాజకొమురు నా పిడికిట్ల పెట్టిండు.

సొరుగుల చిన్న సీస. చీటీ మీద: పదమూడు.
ఎంతకు పగిలింది అనే గడి చాన్నాళ్లు ఖాళీగుండె.
ఇయ్యాల రాసిన:

మక్కకంకులు. పోకచెక్కలు.
రెండు దసరాల మూలుగ బొక్క.
పగల్లేదు.